కదలాల్సిన గోడ కదల్లేదు

సంపాదకులకు నమస్కారం.

మీ పత్రిక ఇంటి పేజీలో ఈమధ్య వచ్చిన ఒక ఫొటో గురించి ఈ ఉత్తరం రాస్తున్నాను. ఒకే గది. పగలు సోఫా, రాత్రి మంచం. గోడలోంచి కిందికి దిగే బల్ల, పక్కకి జరిగే పుస్తకాల అర. కింద "మీ అవసరానికి తగ్గట్టు మారే ఇల్లు" అని రాశారు. పని ముచ్చటగా ఉంది. ఆ బల్ల చేసిన వడ్రంగి చేతిని మెచ్చుకోవాల్సిందే. కానీ ముప్పై ఏళ్లుగా ఇళ్లు, బడులు, చిన్న చిన్న పార్కులు గీస్తూ వస్తున్న ఆర్కిటెక్టుగా నేను ఆ ఒక్క వాక్యం దగ్గర ఆగిపోయాను. పొద్దున ఒకలా సాయంత్రం ఒకలా మారే ఇల్లు వేరు. పదిహేనేళ్ల తర్వాత మారాల్సి వచ్చే ఇల్లు వేరు. మొదటిదాన్ని ఫొటో తీయొచ్చు. రెండోది ఫొటోలో కనబడదు. మనుషుల్ని కష్టపెట్టేది మాత్రం రెండోదే. ఈ తేడా నాకు ఒక కుటుంబం ఇంట్లో తెలిసింది. నాకు తెలిసిరావడానికి వాళ్లు ఇబ్బంది పడ్డారు.

పని మొదలుపెట్టిన కొత్తలో గీసిన ఇల్లది. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు. హాలుకీ పక్క గదికీ మధ్య మామూలు గోడ వద్దని ఆరు రెక్కల మడత తలుపు పెట్టించాను. తెరిస్తే రెండూ కలిసి 8 మీటర్ల పొడవు హాలు, మూస్తే రెండు గదులు. పైన ఇనుప పట్టా, అందులో చక్రాలు, కింద సన్నటి గాడి. తాళాలు అప్పగించిన రోజు నేనే నాలుగైదుసార్లు తెరిచి మూసి చూపించాను. పిల్లలు చప్పట్లు కొట్టారు.

14 ఏళ్ల తర్వాత ఆవిడ ఫోన్ చేశారు. భర్తకి పక్షవాతం వచ్చింది. ఎడమ కాలు, ఎడమ చెయ్యి పనిచేయడం లేదు. ఆస్పత్రి నుంచి చక్రాల కుర్చీలో ఇంటికి తీసుకొచ్చారు. మెట్లెక్కి పై గదికి వెళ్లలేరు కాబట్టి కింద ఆ పక్క గదే ఆయనకి ఇచ్చారు. దాన్ని ఆనుకుని బాత్రూమ్ ఉంది. దాని గుమ్మం 70 సెంటీమీటర్లు. కుర్చీ పట్టడం లేదు. "పక్క గోడ కాస్త కొట్టించి గుమ్మం వెడల్పు చేయొచ్చా అండీ?" అని అడిగారు. చిన్న మాటే. రేపు వస్తానన్నాను.

వెళ్లేసరికి మడత తలుపు ముందు బీరువా ఉంది. ఆ తలుపు తెరిచి పన్నెండేళ్లయిందట. మొదటి ఏడాది రెండుసార్లు తెరిచారు. ఆ తర్వాత హాల్లో టీవీ శబ్దానికి గదిలో పిల్లలకి చదువు సాగక, రెక్కల సందుల్లో గుడ్డలు కుక్కారు. చక్రాలు రెండు బిగుసుకుపోయాయి. చివరికి బీరువా అడ్డంగా పెట్టేసి, దాన్ని గోడ అనుకుని బతికారు.

ఇక బాత్రూమ్ గోడ. గుమ్మానికి ఒక పక్క కాలమ్ ఉంది, దాన్ని ముట్టుకోవడానికి లేదు. రెండో పక్క గోడలో పై అంతస్తుకి వెళ్లే నీళ్ల పైపులు, పైనుంచి వచ్చే మురుగు పైపు, కరెంటు వైర్ల గొట్టాలు ఉన్నాయి. అన్నీ ఇటుకలో గాడి కొట్టి పూడ్చి పైన సిమెంటు పూసినవే. ఏది ఎక్కడ మలుపు తిరిగిందో చూపే డ్రాయింగు వాళ్ల దగ్గర లేదు. నా దగ్గరున్న డ్రాయింగులో సైటు మీద మేస్త్రి మార్చిన సంగతులు లేవు. గోడ పగలగొడితే పై బాత్రూమ్ కూడా ఆపేయాలి. మూడు వారాల పని. ఆ మూడు వారాలూ ఆయన్ని ఎక్కడ ఉంచుతారు? చివరికి వాళ్ల బంధువుల ఇంట్లో ఉంచారు. ఒకసారి ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చిన మనిషి మళ్లీ ఇల్లు వదిలి వెళ్లాల్సి వచ్చింది.

కదలనక్కర్లేని గోడకి చక్రాలు పెట్టాను. కదలాల్సిన గోడలో అన్నీ పూడ్చి బిగించేశాను. ఆ రోజు నుంచి నేను గీసే పద్ధతే మారింది.

భవనం మనకి ఒకే వస్తువులా కనిపిస్తుంది గానీ అందులో రకరకాల వయసులున్న వస్తువులు ఉంటాయి. బ్రిటిష్ ఆర్కిటెక్ట్ ఫ్రాంక్ డఫీ ఈ సంగతిని పొరలుగా విడదీసి చెప్పాడు. పునాది, కాలమ్‌లు, స్లాబులు జాగ్రత్తగా కడితే యాభై, అరవై ఏళ్లు, అంతకు మించి కూడా ఉంటాయి. పైపులు, వైర్లు అంతకాలం ఉండవు, ఇరవై ముప్పై ఏళ్లలో ఎలాగూ మార్చుకోవాలి. లోపలి అడ్డుగోడలు ఇంట్లో మనుషులు మారినప్పుడల్లా మారాలనిపిస్తాయి. కుర్చీలు, బల్లలు ఇవాళే జరుపుతాం. తొందరగా పాడయ్యేదాన్ని ఎక్కువకాలం నిలిచేదాని కడుపులో పూడ్చిపెట్టడంలోనే చిక్కంతా ఉంది. పైపు మార్చడానికి గోడ చావాలి, గోడ మార్చడానికి నేల చావాలి. నేను ఆ ఇంట్లో చేసింది సరిగ్గా ఇదే.

డచ్ ఆర్కిటెక్ట్ జాన్ హాబ్రాకెన్ 1961లోనే దీనికో దారి చూపించాడు. అందరికీ ఉమ్మడిగా, ఎక్కువకాలం నిలిచేలా ఉండాల్సిన భాగం ఒకటి, లోపల ఉండేవాళ్లు తమకి నచ్చినట్టు పెట్టుకుని తీసేసుకునే భాగం ఇంకొకటి అని రెండుగా విడగొట్టమన్నాడు. మొదటిది అందరిదీ, రెండోది అక్కడ బతికేవాళ్లది. జపాన్‌లోని ఒసాకాలో 1993లో ఇదే పద్ధతిలో నెక్స్ట్ 21 అనే భవనం కట్టారు. అందులో 18 ఇళ్లున్నాయి. పైపులు కాస్త ఎత్తుగా వేసిన నేల కింద ఖాళీలో తిరుగుతాయి కాబట్టి వంటగదినీ బాత్రూమ్‌నీ కూడా చోటు మార్చొచ్చు. బయటి గోడల్ని సైతం లోపలినుంచే విప్పి జరపొచ్చు. భవనం అస్థిపంజరాన్ని, అంటే కాలమ్‌లనీ స్లాబుల్నీ ముట్టుకోకుండానే అక్కడ ఇళ్లని మళ్లీ మళ్లీ మార్చి చూశారు.

అదే దేశంలో ఇంకో భవనం కథ ఉంది. టోక్యోలో 1972లో ఆర్కిటెక్ట్ కిషో కురొకావా కట్టిన నకగిన్ కాప్సూల్ టవర్. రెండు కాంక్రీటు స్తంభాలు, వాటికి బోల్టులతో బిగించిన 140 గదుల పెట్టెలు. 25 ఏళ్లకోసారి పాత పెట్టె తీసి కొత్తది తగిలించుకోవచ్చన్నది ఆలోచన. ప్రపంచమంతా చూసి అబ్బురపడింది. తీరా చూస్తే ఒక్క పెట్టె కూడా మార్చలేదు. ఒకదాన్ని తీయాలంటే దాని పైనున్నవాటిని కూడా కదిలించాల్సినంత దగ్గరగా అమర్చారు. పైగా ఒక్కో పెట్టెకీ ఒక్కో యజమాని. నీళ్లు కారాయి, పైపులు తుప్పుపట్టాయి. 2022లో టవర్‌ని విప్పేశారు. కురొకావా ఆలోచన మీద నాకు గౌరవముంది. మారడం కోసమే పుట్టిన భవనం మారలేక పోయిందంటే మాత్రం నాకు ఇప్పటికీ బాధే.

మరి జరిగే గోడలన్నీ దండగేనా? కాదు. నెదర్లాండ్స్‌లోని యూట్రెక్ట్‌లో ఆర్కిటెక్ట్ గెరిట్ రీట్‌వెల్డ్ 1924లో కట్టిన ష్రోడర్ ఇంటి పై అంతస్తులో జరిగే అడ్డుగోడలున్నాయి. పగలు తెరిస్తే ఒకే పెద్ద గది, రాత్రి మూస్తే పిల్లలకి విడివిడి గదులు. ఆ ఇంటి యజమాని ట్రూస్ ష్రోడర్ 1985లో చనిపోయేదాకా, అరవై ఏళ్లు, అందులోనే ఉన్నారు. నా మడత తలుపు ఎందుకు బీరువా చాటుకి పోయింది, ఆవిడ గోడలెందుకు ఇంటి ప్రాణంలా నిలిచాయి అని చాలాకాలం ఆలోచించాను. ఆ గోడలు కావాలని అడిగింది ఆవిడే. ముగ్గురు పిల్లలతో తను ఎలా బతకాలనుకుంటోందో ఆవిడకి తెలుసు. రీట్‌వెల్డ్‌తో కూర్చుని ఇల్లు గీసింది కూడా ఆవిడే. నా ఇంట్లో మాత్రం మడత తలుపు కావాలని ఎవరూ అడగలేదు. నాకు ముచ్చటేసి పెట్టాను.

ఇప్పుడు నేను ఇల్లు గీసేటప్పుడు రేపేం జరుగుతుందో ఊహించే పని మానేశాను. పిల్లలు విదేశాలకి వెళ్తారా, అమ్మానాన్నలు వచ్చి ఉంటారా, ఇంట్లోనే ఆఫీసు పెడతారా, పై అంతస్తు అద్దెకిస్తారా, ఎవరు చెప్పగలరు? నేను చూసేది ఒక్కటే. ఏం జరిగినా, నన్ను ఎప్పుడూ చూడని మేస్త్రి ఒకరు వచ్చి ఆ ఇంటిని తక్కువ పగలగొట్టి మార్చగలగాలి. అందుకని పైపులన్నీ ఒకే నిలువు గూట్లో దించుతాను, దానికి చిన్న తలుపు పెడతాను. తాళం తీస్తే పైపు చేతికందాలి. కింది అంతస్తులో కనీసం ఒక గదికీ ఒక బాత్రూమ్‌కీ గుమ్మం 90 సెంటీమీటర్లు, లోపల కుర్చీ తిరగడానికి 150 సెంటీమీటర్ల గుండ్రటి ఖాళీ. కాలమ్‌లు అడ్డుగోడల మూలల్లో ఎక్కడపడితే అక్కడ కాకుండా ఒక వరసలో, సమాన దూరంలో ఉంటాయి. అప్పుడు గోడ తీసినా మధ్యలో కాలమ్ మొలుచుకొచ్చి వెక్కిరించదు. నేల పలకలు గోడ కట్టకముందే ఒకే తీరున పరిపిస్తాను. రేపు అడ్డుగోడ తీసేస్తే కింద మచ్చ ఉండదు.

రెండంతస్తుల ఇల్లయితే ఇంకో పని చేస్తాను. రెండు స్లాబుల్లోనూ సరిగ్గా ఒకదాని మీద ఒకటి వచ్చేలా ఒకటిన్నర మీటర్ల చదరం చోటు చూసి, దాని చుట్టూ బీములు వేయిస్తాను. ఇవాళ కింద అది స్టోర్ రూమ్, పైన బట్టల అలమర. ఏనాడో మెట్లెక్కలేని రోజు వస్తే ఆ స్లాబు ముక్కని కోసి చిన్న లిఫ్టు పెట్టుకోవచ్చు. చుట్టూ బీములున్నాయి కాబట్టి మిగతా ఇల్లు నిశ్చింతగా నిలబడుతుంది. దీనికయ్యే అదనపు ఇనుము, కాంక్రీటు చాలా తక్కువ. కానీ ఇల్లు కట్టేటప్పుడే ఆలోచించాలి. తర్వాత ఆలోచిస్తే కుదరదు. ముఖ్యంగా కేబుళ్లు లాగి బిగించే పోస్ట్ టెన్షన్ స్లాబుల్లో తెలియక ఒక్క రంధ్రం తొలిచినా ప్రమాదం.

వీటన్నిటికంటే చవకైనదీ, నాకు ఎక్కువ ఇష్టమైనదీ ఇంకొకటుంది. గోడలకి సిమెంటు పూయకముందు, పైపులూ వైర్ల గొట్టాలూ బయటికి కనిపిస్తున్నప్పుడే, ప్రతి గోడకీ పక్కన కొలత టేపు పెట్టి ఫొటో తీస్తాను. గదుల పేర్లు రాసి ఒక ఫైలు చేసి, తాళాలతో పాటు చేతిలో పెడతాను. ఇల్లు అమ్మితే కొన్నవాళ్లకి ఇచ్చేయమంటాను. ఒకాయన ఆ ఫైలుని ఇంటి కాగితాలతో పాటు బీరువాలో దాచారు. తొమ్మిదేళ్ల తర్వాత గోడలో నీళ్లు కారుతున్నాయని ప్లంబర్ వస్తే ఆ ఫొటో చూపించారు. అడుగు వెడల్పు పగలగొడితే సరిపోయింది. ఆ సాయంత్రం ఆయన నాకు ఫోన్ చేసి చెప్పినప్పుడు కలిగిన సంతోషం, నా పేరు పత్రికలో చూసుకున్నప్పుడు కూడా కలగలేదు.

డబ్బు తక్కువున్నచోట ఈ ఆలోచన ఇంకా పదునెక్కుతుంది. చిలీలోని ఇకికేలో 2004లో ఆర్కిటెక్ట్ అలెహాంద్రో అరవెనా బృందం సుమారు వంద పేద కుటుంబాలకి ఇళ్లు కట్టింది. చేతిలో ఉన్న డబ్బుకి పూర్తి ఇల్లు రాదు. చిన్న ఇల్లు కట్టే బదులు మంచి ఇంట్లో సగం కట్టారు. ఏ సగం? కుటుంబం తనంతట తాను కట్టుకోలేని సగం. నిర్మాణం, మెట్లు, వంటగది, బాత్రూమ్. పక్కన ఖాళీ వదిలారు. ఆ ఖాళీని వాళ్లు తమ వీలుని బట్టి పూడ్చుకున్నారు. మన దేశంలో ఆర్కిటెక్ట్ బాలకృష్ణ దోశీ ఇందోర్‌లోని అరణ్య కాలనీలో 1980లలోనే ఇదే దారిలో నడిచారు. నీళ్లు, మురుగు, పునాది అరుగు, ఇంటికి చిన్న ఆరంభం ఇచ్చి మిగతాది మనుషుల చేతికి వదిలారు. ఎక్కడ ఆపాలో తెలిసిన పనితనం అది. గీయడం కంటే ఆపడం కష్టమని ఈ పని చేసేవాళ్లందరికీ తెలుసు.

బడి గురించి కూడా చెప్పాలి. ఒక పాత బడికి మరమ్మతులు చేయడానికి వెళ్తే తరగతిలో బల్లలు నేలకి బోల్టులతో బిగించి ఉన్నాయి. పిల్లల్ని గుండ్రంగా కూర్చోబెట్టి కథ చెప్పాలని టీచరమ్మ ఆశ. కుదరక వరండాలోకి తీసుకెళ్లేవారు, వానొస్తే కథ లేదు. జరిగే గోడలు, మడత వేదిక లాంటివేవీ మేం పెట్టలేదు. బోల్టులు తీసేసి కొత్త బల్లలు చేయించాం, అంతే. ఒక పక్క పొడుగ్గా, ఎదుటి పక్క పొట్టిగా ఉండే బల్ల. రెండు కలిపితే ఆరు మూలల బల్ల, వరసగా పెడితే పొడవు బల్ల, విడదీస్తే ఎవరిది వాళ్లకి. బరువు మాత్రం పట్టుబట్టి తగ్గించాం. మొదటి నమూనాని ఎనిమిదేళ్ల పిల్లలిద్దరు ఎత్తలేకపోయారు. కాళ్ల మందం తగ్గించి, పై చెక్క మార్చి, మళ్లీ ఎత్తించి చూశాం. మూడోసారికి ఎత్తారు. పెద్దవాళ్లు వచ్చి జరిపితే గానీ జరగని బల్ల ఏడాదంతా ఒకేచోట ఉండిపోతుంది.

కుర్చీల సంగతి వస్తే 1859లో మైకేల్ థోనెట్ చేసిన 14వ నంబరు కుర్చీ నాకు గురువు లాంటిది. ఆరు చెక్క ముక్కలు, పది మరలు, రెండు నట్లు. విప్పితే 36 కుర్చీలు ఒక ఘన మీటరు పెట్టెలో సర్దేవారు. ముక్క విరిగితే ముక్కే మార్చాలి. జిగురుతో అతికించిన ఇప్పటి కుర్చీ ఒక కాలు ఊడితే మొత్తం చెత్తకుప్పలోకే.

పార్కుల్లో మనం బెంచీని కాంక్రీటులో పాతేస్తాం. పోతుందన్న భయం. న్యూయార్క్‌లో కూడళ్లలో మనుషులు ఎలా కూర్చుంటారో ఏళ్ల తరబడి గమనించిన విలియం వైట్ ఒక విషయం పట్టుకున్నాడు. విడి కుర్చీ ఉంటే మనిషి కూర్చునేముందు దాన్ని కొంచెం జరుపుతాడు. ఒక్కోసారి జరిపి జరిపి మొదట ఉన్నచోటికే తెచ్చి కూర్చుంటాడు. ఎండకో నీడకో కాదు, ఈ చోటు నేను ఎంచుకున్నాను అన్న తృప్తి కోసం. అక్కడి బ్రయంట్ పార్కు 1992లో మళ్లీ తెరిచినప్పుడు విడి కుర్చీలే వేశారు, ఇప్పటికీ అవే ఉన్నాయి.

అయితే కదిలేదే మంచిదని మళ్లీ పొరపాటు పడకూడదు. డచ్ ఆర్కిటెక్ట్ హెర్మన్ హెర్ట్స్‌బెర్గర్ డెల్ఫ్ట్‌లో కట్టిన మాంటిస్సోరి బడి హాలు మధ్యలో ఒక ఇటుక దిమ్మె ఉంది. అది కదలదు. పిల్లలు దాని మీద కూర్చుంటారు, నిలబడి నాటకం వేస్తారు, చుట్టూ చేరి పని చేసుకుంటారు. ఖాళీ హాల్లో ఎక్కడ నిలబడాలో తోచదు, అక్కడ ఒక దిమ్మె ఉంటే పది ఆటలు పుడతాయి. ఇంకో డచ్ ఆర్కిటెక్ట్ ఆల్డో వాన్ ఐక్ ఆమ్‌స్టర్‌డామ్‌లో 1947 నుంచి మూడు దశాబ్దాల్లో 700కి పైగా ఆటస్థలాలు చేశాడు. ఇసుక గుంట, వంచిన ఇనుప కడ్డీలు, గుండ్రటి దిమ్మెలు. ఏ ఒక్కటీ ఏనుగులా ఉండదు, రాకెట్‌లా ఉండదు. ఏమనుకుంటే అది. మరోపక్క, గోడలన్నీ తీసేసి తెరిచిన హాళ్లుగా కట్టిన 1970ల నాటి బడులు చాలాచోట్ల గోల భరించలేక మళ్లీ అడ్డుగోడలు కట్టుకున్నాయి. అన్నిటికీ పనికొస్తుందని కట్టిన హాలు తరచూ దేనికీ సరిగ్గా పనికిరాదు. ఆటకి నున్నటి నేల కావాలి, పాటకి ప్రతిధ్వని అదుపులో ఉండాలి. ఈ రెండూ ఒకే గదిలో కావాలంటే ఆ ఖర్చు ముందే ఒప్పుకోవాలి.

ఖర్చు మాట దాచను. పైకప్పు ఎత్తు ఓ అడుగు పెంచితే, నేల మోసే బరువు పెంచితే డబ్బవుతుంది. ఇంటి నేలని మామూలుగా చదరపు మీటరుకి 200 కిలోల లెక్కన గీస్తాం. పుస్తకాల ర్యాకులు నింపే లైబ్రరీకి 600 కిలోలు, అంతకుమించి కావాలి. ప్రతి ఇంటినీ లైబ్రరీకి సరిపడా కట్టమనడం అన్యాయం. కానీ రోడ్డు పక్క కింది అంతస్తు రేపు దుకాణమో క్లినిక్కో అయ్యే అవకాశం ఉన్నచోట ఆ ఒక్క అంతస్తుకి ఎత్తూ బలమూ పెంచమని నేను బతిమాలైనా ఒప్పిస్తాను. కూలగొట్టి కట్టడం కంటే అది ఎప్పుడూ చవకే. ప్రపంచం వదిలే కార్బన్ డయాక్సైడ్‌లో సుమారు 8 శాతం సిమెంటు తయారీ నుంచే వస్తోంది. ఒకసారి పోసిన కాంక్రీటుని రెండు తరాలైనా వాడుకోకపోతే ఎలా?

అందుకే మీకో విన్నపం. ఇంటి పేజీలో మీరు వేసేవన్నీ తాళాలు అందుకున్న వారం తీసిన ఫొటోలే. గోడ మీద మేకు ఉండదు, నేల మీద చెప్పు ఉండదు, మనిషి అసలే ఉండడు. నెలకొకసారైనా పదేళ్లు, పదిహేనేళ్లు నిండిన ఇల్లు ఒకటి వేయండి. పక్కన పాత ప్లాను, ఇప్పటి ప్లాను అచ్చేయండి. ఏ గోడ తీశారు, ఏ గది పేరు మారింది, ఏది తీయాలని చూసి తీయలేకపోయారు అని అక్కడ ఉంటున్నవాళ్లని అడిగి రాయండి. ఆర్కిటెక్టులు చదువుతారు, ఇల్లు కట్టుకోబోయేవాళ్లు అంతకంటే శ్రద్ధగా చదువుతారు. తమ పాత పనిని చూపించుకోవడానికి మావాళ్లు కొందరు వెనకాడతారేమో. కాబట్టి మొదటి ఇల్లుగా నేను చేసిన ఆ మడత తలుపు ఇంటినే తీసుకోండి. పోయిన వారం ఆవిడని అడిగాను. వెడల్పు చేసిన గుమ్మం, బీరువా, దాని వెనక తలుపు, అన్నీ ఫొటో తీసుకోవచ్చన్నారు. ఆదివారాలు ఇంట్లోనే ఉంటారట.

ఇట్లు,
మీ పాఠకులలో ఒక ఆర్కిటెక్ట్